కుండీ కదపొద్దు

ఆ రోజు పొద్దున డ్యూటీకి బయల్దేరే ముందు సిలార్ చేసిన ఆఖరి పని, పెళ్ళాం బల్లని ఇంకో జానెడు జరపడం.

అప్పటికే టిఫిను తిన్నాడు. క్యారేజీ బండికి తగిలించాడు. తగిలించినవాడు పోక, మళ్ళీ చెప్పులు విడిచి వెనక వసారాలోకి వచ్చి ఫర్హానా కుర్చీలో కూర్చున్నాడు. ఒక కన్ను మూసి, మట్టం చూసే తాపీమేస్త్రీలా మెడ వంచి, తొట్టి పక్కన నీడలో ఉన్న పూలకుండీ వంక చూశాడు. లేచి, బల్లని గ్రిల్లు వైపు జానెడు లాగాడు. మళ్ళీ కూర్చుని, మళ్ళీ కన్ను మూశాడు. ఆ లాగుడుకు బల్ల మీదున్న ఎనిమిదో తరగతి తెలుగు పేపర్ల కట్ట జారి నేల మీద పడింది.

వంటింటి గుమ్మంలోంచి ఇదంతా చూస్తున్న ఫర్హానాకి ఒళ్ళు మండింది.

"మళ్ళీ జరిపారూ? నా బల్లతో మీకేం పగండీ?"

"గాలి, టీచరుగారూ. ఆ చివర గాలి బాగా కొడుతుంది."

"గాలితోపాటు ఎండా కొడుతుంది. కాకులొస్తాయి. సందులో పోయే ప్రతివాడూ నేనెవరికెన్ని మార్కులేశానో తొంగిచూసి పోతాడు."

"చూడనీ. సిగ్గుపడైనా నాలుగు మార్కులెక్కువేస్తావు."

కింద పడ్డ పేపర్లు ఏరి, దుమ్ము దులిపి, కట్ట మీద గుండ్రాయి పెట్టాడు. వెళుతూ వెళుతూ కుండీ వైపు వేలు చూపించి, రోజూ చెప్పే మాటే చెప్పాడు. "కుండీ మాత్రం కదపొద్దు."

"మీ చెప్పుపువ్వు జోలికి నేనెందుకొస్తాను, వెళ్ళిరండి" అంది ఫర్హానా.

పదకొండున్నరకి ఫోనొచ్చింది. మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో మిషన్ రూము ముందు స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడని, ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయిందని తోటి ఆపరేటరు కరుణాకర్ చెప్పాడు. చెబుతూ తుమ్మాడు. మిరప ఘాటుకి ఆ కోల్డ్ స్టోరేజీలో ఎవరు ఏం చెప్పినా మధ్యలో ఒక తుమ్ము ఉంటుంది. ఆ తుమ్ము వల్ల ఫర్హానాకి విషయం ఒక క్షణం ఆలస్యంగా అర్థమైంది. తర్వాత చాలాకాలం ఆ ఒక్క క్షణాన్నే ఆమె మళ్ళీ మళ్ళీ తలుచుకుంది. ఆ క్షణంలో సిలార్ ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు.

మూడోరోజు ఫాతెహా ప్రార్థనలకి ఇంటి నిండా ఆడవాళ్ళు. చాపలు పరవడానికి చోటు చాల్లేదు. సిలార్ తమ్ముడు ఇలియాస్ వసారాలో నిలబడి, "వదినా, ఈ బల్ల ఎక్కడ పెట్టమంటావు?" అని అడిగాడు.

"దాని పాత చోట పెట్టు. వంటింటి గుమ్మం పక్కన."

"గాలి కోసం అన్న ఇటు జరిపాడుగా?"

"ఇద్దత్‌లో ఉన్నదాన్ని గ్రిల్లు పక్కన కూర్చుని సందులోకి కనపడతానా ఇలియాస్? పోనీ ఇప్పుడన్నా నా బల్లని నా చోట ఉండనివ్వండయ్యా."

ఆఖరి మాట గట్టిగానే వచ్చింది. ఇలియాస్ బల్లని మోసుకొచ్చి గుమ్మం పక్కన పెట్టాడు. అలా, భర్త పోయిన ఆడది పాటించే ఇద్దత్ గడువు నాలుగు నెలల పది రోజులూ గడప దాటకుండా ఫర్హానా ఆ ఇంట్లో కూర్చుంది. కూతురు అర్ఫా పదోరోజున విజయవాడలో తన హాస్టలుకి వెళ్ళిపోయింది. తోడుకి ఫర్హానా తల్లి నసీమున్నీసా వచ్చింది. ఇక ఇంట్లో మిగిలింది వీళ్ళిద్దరూ, ఆ మొక్కా.

ఆ మొక్క సంగతి చెప్పాలి.

తొమ్మిదేళ్ళ కిందట పొన్నూరులో త్యాగరాజు గారనే రిటైరైన బోటనీ లెక్చరరు ఇంట్లో ఫ్రిజ్జు చెడిపోతే సిలార్ వెళ్ళాడు. డ్యూటీ లేనప్పుడు ఫ్రిజ్జులూ ఏసీలూ బాగుచేయడం అతని పైసంపాదన. ఆ ఇంటి పెరట్లో ఆకుపచ్చ వలగుడ్డ కింద ఒక పువ్వు చూశాడు. పసుప్పచ్చటి పువ్వు. పై రేకు మీద నిలువుగా ఒకే ఒక్క ముదురు గోధుమరంగు గీత, ఎవరో కుంచెతో ఒక్క ఊపున లాగినట్టు. కింది రేకు మటుకు రేకులా లేదు. పసిపిల్ల కాలికి తొడిగే మేజోడులా, మడమ లేని చెప్పులా ఉంది. ఫ్రిజ్జు సంగతి మర్చిపోయి అక్కడే గొంతుక్కూర్చున్నాడట.

"దీన్ని చెప్పు ఆర్కిడ్ అంటారు మేస్త్రీ" అన్నారట త్యాగరాజు గారు. "మన దక్షిణాది కొండల్లో పుట్టేది ఈ ఒక్క రకమే. అగస్త్యమల మీద ఉండేవి. అందంగా ఉండటమే దాని తప్పు. జనం తవ్వుకుపోయి తవ్వుకుపోయి ఇప్పుడు కొండమీదే కరువైంది. ఇవి అడవివి కావులే, విత్తనం నుంచి ల్యాబులో సీసాల్లో పెంచిన పిల్లలు."

ఆ రోజు సిలార్ మజూరీ తీసుకోలేదు. రెండు పిల్లమొక్కలు తీసుకున్నాడు. బొటనవేలంత ఉన్నాయి ఒక్కొక్కటి.

ఇంటికి తెచ్చి చూపిస్తే ఫర్హానా నవ్వింది. "పువ్వెప్పుడు పూస్తుంది?"

"అయిదేళ్ళు పట్టొచ్చన్నారు."

"అయిదేళ్ళా! ఈలోగా మన గుంటూరు ఎండకి ఆవకాయవుతుందది."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. అది మంచు పట్టే కొండ మీద, బండల సందుల్లో పుట్టిన మొక్క. ఇక్కడ ఏప్రిల్ నెలలో కుళాయి తిప్పితే కాగిన నీళ్ళొస్తాయి. ఊరు మొత్తం మీద చల్లగా ఉండేది మిరపకాయ బస్తాలొక్కటే. అయితే ఆ చల్లదనమే సిలార్ ఉద్యోగం. మిషన్ రూములో చల్లటి పైపు మీద గాలిలో తేమ పట్టి, బొట్టు బొట్టుగా కారుతుంది. ఉప్పు లేని నీరు. బోరు నీళ్ళు పోస్తే గిన్నెలకే తెల్లటి పొర కట్టే ఊళ్ళో, సిలార్ ఆ పైపు కింద బాటిలు పెట్టి, సాయంత్రానికి నిండిన లీటరు నీళ్ళు ఇంటికి తెచ్చేవాడు. కూరలు మర్చిపోయిన రోజులున్నాయి. ఫర్హానా పుట్టినరోజు మర్చిపోయిన సంవత్సరాలున్నాయి. బాటిలు మర్చిపోయిన రోజు లేదు.

"నాకెప్పుడైనా ఒక గ్లాసు చల్లటి నీళ్ళు తెచ్చిచ్చారా?" అనేది ఫర్హానా.

"నువ్వు అగస్త్యమలలో పుట్టావా? పెదనందిపాడులో పుట్టావు. నీకు చెరువు నీళ్ళు చాలు" అనేవాడు.

అయిదో ఏడు ఒక మొక్క పోయింది. ఆ సంవత్సరం నల్ల తామర పురుగు పడి మిరపతోటలన్నీ నాశనమయ్యాయి. ప్రత్తిపాడు దగ్గర ఇలియాస్ కౌలుకి చేసే రెండెకరాలు పిందె లేకుండా ముడుచుకుపోయాయి. గుంటూరులో మందు కొనుక్కుని, పోతూ పోతూ అన్నగారింట్లో భోజనానికి ఆగాడు. ఇంట్లో ఎవరూ చూడకుండా, తొట్టి పక్కన కుండీల్లో రెండు పచ్చటి ఆకుమొక్కలు కనపడితే, వీటికి కూడా పురుగు తగలకూడదు పాపమని, మిరపకి కలిపే మోతాదులోనే కలిపి తడిసిపోయేట్టు కొట్టాడు. వారం తిరక్కుండా పెద్ద మొక్క మొదలు నుంచి కుళ్ళిపోయింది. చిన్నదాని ఆకులు రెండు మాడి, ఎలాగో నిలబడింది.

ఇలియాస్ తలొంచుకుని నిలబడితే సిలార్ ఒక్క మాటే అన్నాడు. "పోన్లేరా. నీ తోటకి కొట్టిన మందే నా మొక్కకీ కొట్టావు. పరాయిదనుకోలేదుగా."

అన్నాడు కానీ ఆ రాత్రి అన్నం తినలేదు. మొదటిసారి అప్పుడు తెలిసింది ఫర్హానాకి, ఈ మనిషికిది సరదా కాదని. ఏం కావాలి మీకు దీన్నుంచి అని అడిగితే చెప్పాడు.

"ఆ రోజు పొన్నూరులో ఆ పువ్వు చూసినప్పుడు, ఫర్హానా ఇది చూస్తే ఏమంటుందో అనిపించింది. నువ్వు మాటలు తెలిసినదానివి. నేను చూసి, బాగుందన్నాను, అంతే. అంతకన్నా నాకు రాలా."

"ఫోటో తీసుకురావలసింది."

"ఫోటోలో చూసి చెప్పేదైతే నేనే చెప్పేవాణ్ణి."

మిగిలిన ఆ ఒక్క మొక్క ఇంకో నాలుగేళ్ళు తీసుకుంది. పోయిన చలికాలం, త్యాగరాజు గారి సలహా మీద, స్టాకంతా ఖాళీ అయిన కోల్డ్ స్టోరేజీలో రెండు తలుపుల మధ్య గదిలో నలభై రోజులుంచి తెచ్చాడు. జనవరి మొదటివారంలో ఆకుల మధ్య నుంచి గోరంత మొగ్గ తొంగిచూసింది. ఆ పూట సిలార్ ఇల్లంతా తిరిగాడు. ఊరికే తిరిగాడు. ఆ మర్నాడే బల్ల జరపడం మొదలుపెట్టాడు. మొగ్గ వేశాక కుండీని కదిపితే పువ్వు మెడ మెలిపడుతుందట. చల్లగా ఉండే మూల ఇంట్లో అదొక్కటేనట. అందుకని "కుండీ కదపొద్దు" అనే మాట రోజుకి పదిసార్లు.

మొగ్గ వేసిన మూడు వారాలకి మనిషి పోయాడు.

ఇద్దత్‌లో కూర్చున్న ఫర్హానాకి ఒకటే భయం పట్టుకుంది. మనిషిని ఎటూ నిలుపుకోలేకపోయింది. ఈ మొగ్గ కూడా తన చేతుల్లోనే పోతే? తొమ్మిదేళ్ళ ఎదురుచూపు ఇంకో రెండు నెలల దూరంలో ఉంది. దాన్ని దాటించాల్సింది తను. తెలిసింది రెండే ముక్కలు. బోరు నీళ్ళు పోయకూడదు. కుండీ కదపకూడదు.

సిలార్ తెచ్చిన ఆఖరి బాటిల్లో ముప్పాతిక నీళ్ళున్నాయి. వాటిని దగ్గుమందు సీసా మూతతో కొలిచి, రోజుకి నాలుగు మూతల చొప్పున పోసింది. పన్నెండో రోజుకి అడుగంటాయి. ఒక మూత నీళ్ళు అలాగే ఉంచేసింది, పోయడానికి చేతులు రాలేదు.

"ఏందే ఆ కొలతలు? పసిపిల్లకి పాలు పట్టినట్టు" అంది నసీమున్నీసా. "ఇంత కష్టపడితే చివరికి పూసేది చెప్పా? పూస్తే మల్లెపువ్వో గులాబీయో పూయాలి గానీ."

"నీ అల్లుడి మొక్కమ్మా."

"నా అల్లుడు బంగారం. మొక్క మాత్రం పెంకిది."

కొక్కేనికి సిలార్ చొక్కా ఒకటి వేలాడుతుండేది. డ్యూటీ చొక్కా. మిరప ఘాటు నూలుపోగుల్లోకి ఇంకిపోయిన చొక్కా. ఫర్హానా దాని దగ్గరికి వెళ్ళి మొహం పెట్టుకునేది. వెంటనే తుమ్ములు, కళ్ళవెంట నీళ్ళు. "ఉతికెయ్యవే ఆ చొక్కా" అని తల్లి పోరేది. "ఉండనీ అమ్మా, ఘాటు" అనేది ఫర్హానా ముక్కు తుడుచుకుంటూ. ఆ ఇంట్లో ఆమె ఏడుపుకి అదొక చాటు.

పదిహేనో రోజు గేటు దగ్గర బండి ఆగింది. కరుణాకర్. ఇద్దత్ సంగతి తెలిసినవాడు గనుక లోపలికి రాలేదు. గేటు బయటే నిలబడి గట్టిగా పిలిచాడు.

"టీచరమ్మా! నేనండీ, కరుణాకర్‌ని. నీళ్ళు తెచ్చానండీ."

నసీమున్నీసా గుమ్మంలోకి వెళ్ళింది. తలుపు వెనక నిలబడి ఫర్హానా వింటోంది.

"ఏం నీళ్ళు నాయనా?"

"సిలార్ భాయ్ రోజూ పైపు కింద బాటిల్ పెట్టేవాడండి పెద్దమ్మా. ఆయన పోయినా అలవాటు పోలేదు. పొద్దున షిఫ్టోళ్ళు ఎవరో ఒకరు పెడతానే ఉన్నారు. నిండుతానే ఉంది. పారబొయ్యబుద్ధి కాలేదు. వరసగా పెట్టుకుంటూ పోతే పద్నాలుగయినియ్యి. మా ఓనరు చూసి, ఏందయ్యా నీళ్ళ యాపారం పెట్టారా అన్నాడు."

"మిరపకాయల గోడౌను నీళ్ళేగా, కారంగా ఉండవు గదా?"

"తాగి చూడు పెద్దమ్మా, కారంగా ఉంటే పప్పులోకి వాడుకో."

తలుపు వెనక ఫర్హానా నవ్వింది. నవ్వి, పదిహేను రోజుల తర్వాత తన నవ్వు తనకి వినపడి నోరు మూసుకుంది.

పద్నాలుగు బాటిళ్ళూ వసారా గోడ వెంట వరసగా నిలబడ్డాయి. అక్కడి నుంచి వారానికోసారి కరుణాకర్ తేవడం, ఖాళీవి పట్టుకుపోవడం. ఫిబ్రవరి దాటి ఎండ ముదిరింది. ఫర్హానా కుండీ వెనక గోడకి తడి గోనెపట్టా వేలాడదీసింది. గంటగంటకీ తడిపేది. మొగ్గ కాడ పైకి లేచింది, సన్నటి నూగుతో. వేలెడయింది, జానెడయింది.

రంజాన్ నెల సగం గడిచాక ఒక తెల్లవారి, ఫజర్ నమాజు చేసుకుని వసారాలోకి వచ్చి తన బల్ల ముందు కూర్చున్న ఫర్హానాకి కుండీలో ఏదో తేడాగా కనిపించింది. పువ్వు విచ్చుకుంది.

కానీ ఆమెకి కనిపించింది వీపు. పువ్వు గ్రిల్లు వైపు తిరిగి ఉంది. ఆమె వైపు ఉన్నది పై రేకు వెనకభాగం, పసుపులోంచి మసకగా కనపడే ఆ గీత, కాడ మీది నూగు.

లేచి, ముసుగు కళ్ళదాకా లాక్కుని, గ్రిల్లు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూసింది. ఎదురుగా చూసింది. తెల్లవారి వెలుతురు సూటిగా దాని మొహాన పడుతోంది. ఆ పసుపుకి ఏ పోలికా అందలేదు. చామంతి కాదు, పచ్చి పసుపుకొమ్ము కాదు. నిగనిగలాడే ఆ చిన్న చెప్పు అంచున ఒక్క చుక్క తేమ. ఎవరో కొండ దిగి వచ్చి, గడప ముందు చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళినట్టుంది. ఒకటే చెప్పు. రెండోది వేసుకుని వెళ్ళిపోయినట్టు.

ఏమంటుందో వినాలనుకున్న మనిషి లేడు. "బాగుంది" అంది చివరికి. తొమ్మిదేళ్ళ కిందట పొన్నూరులో అతను అన్నదే.

సందులో పాలవాడి సైకిలు చప్పుడయింది. ఆమె గబగబా లోపలికి వచ్చేసింది.

ఆ పువ్వు ముప్పై ఎనిమిది రోజులుంది. ఈ ముప్పై ఎనిమిది రోజులూ ఫర్హానా వంటింటి గుమ్మం పక్కన తన బల్ల దగ్గరే కూర్చుంది. ఖురాను చదువుకునేది, స్కూలు నుంచి పంపిన పేపర్లు దిద్దేది, ఏమీ తోచనప్పుడు పువ్వు వీపు చూసేది. రోజుకి ఒక్కసారి, సందులో ఎవరూ లేరని రూఢి చేసుకున్నాక, గ్రిల్లు దాకా వెళ్ళి రెండు నిమిషాలు మొహం చూసి వచ్చేది. కుండీని ఇటు తిప్పుకుంటే అయిపోయేది. ఒకసారి రెండు చేతులూ కుండీకి ఆనించింది కూడా. చెవిలో ఆ మాట వినపడి చేతులు తీసేసింది.

"అల్లుడూ అంతేనే" అంది నసీమున్నీసా పక్కన నిలబడి. "ఫోటో తీస్తామంటే అటు తిరిగి నిలబడేవాడు. మొక్క కూడా ఆయన పోలికే."

ఫర్హానాకీ అదే అనిపిస్తోంది. ఇరవై రెండేళ్ళలో తను ఎక్కువగా చూసింది అతని వీపే. బండెక్కి వెళ్ళే వీపు, తొట్టి పక్కన గొంతుక్కూర్చున్న వీపు. చివరికి పువ్వు కూడా ఇంట్లోవాళ్ళని వదిలేసి సందులో పోయేవాళ్ళ వైపు తిరిగి పూసింది. కోపం రావలసిన చోట కోపం రాలేదు. ఒక్కసారి ఇటు తిరిగితే చాలు అనిపించేది. పువ్వుని అంటోందో మనిషిని అంటోందో ఆమెకే తెలిసేది కాదు.

ఏప్రిల్ ఆఖరివారంలో పువ్వు రాలింది. వాడకుండానే, ఉన్నది ఉన్నట్టుగా, కాడ దగ్గర విడిపోయి మట్టి మీద పడింది. అప్పుడు కూడా బోర్లా పడింది.

బక్రీద్‌కి రెండు రోజుల ముందు ఇద్దత్ ముగిసింది. పండగ వెళ్ళాక ఫర్హానా మొదటిసారి బస్సెక్కింది, పొన్నూరుకి. త్యాగరాజు గారికి కబురు తెలుసు గానీ, కళ్ళ ఆపరేషను వల్ల రాలేకపోయారు. ఆయన పెరట్లో అదే వలగుడ్డ కింద కుర్చీ వేశారు. వాళ్ళావిడ కనకలక్ష్మి గారు మజ్జిగ తెచ్చిచ్చి, ఫర్హానా చెయ్యి కాసేపు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఫర్హానా ఫోనులో ఫోటో చూపించింది. గ్రిల్లు దగ్గర నిలబడి తీసింది. ఆయన ఫోను కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు.

"గీత ఎంత నిటారుగా వచ్చిందమ్మా! మెడ ఇసుమంతైనా మెలిపడలేదు. కుండీ కదపలేదన్నమాట."

"కదపలేదండీ. ఆయన రోజుకి పదిసార్లు చెప్పేవారు."

"బ్రహ్మాండంగా ఉంది. నీ బల్ల దగ్గర్నుంచి తీశావా?"

"కాదండీ, గ్రిల్లు దగ్గర నిలబడి. నా బల్ల దగ్గరికి వీపే కనపడేది."

త్యాగరాజు గారు ఫోను దించి ఆమె వైపు చూశారు.

"అదేంటమ్మా? గ్రిల్లు దగ్గరేగా నీ బల్ల?"

ఆయన తనలో తాను లెక్క సరిచూసుకుంటున్నట్టు నెమ్మదిగా చెప్పారు.

"సంక్రాంతి ముందు ఫోన్ చేశాడు. మాస్టారూ, మొగ్గొచ్చింది, పువ్వు ఎటు చూస్తుంది అన్నాడు. వెలుతురు ఎటుంటే అటే చూస్తుందన్నాను. మా ఆవిడ బల్ల ఇంకో వైపుందండీ, ఎట్లా అన్నాడు. మొగ్గ వేశాక కుండీ తిప్పకూడదయ్యా మేస్త్రీ, కావాలంటే బల్లని తిప్పుకో అన్నాను. దానికేముంది మాస్టారూ, రోజుకింత జరుపుతానన్నాడు."